ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు

గ్రేటర్ టొరంటోలో కొత్త ఇళ్లు బుక్ చేసుకుని ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాలకు, మన సంఘం కమిటీవారికి,

అన్నయ్యలూ, అక్కలూ, నమస్తే.

మొన్న ఉగాది కార్యక్రమంలో భోజనాల హాలు గుమ్మం పక్కన టేబుల్ మీద ఒక వినతిపత్రం పెట్టారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. మీలో చాలామంది సంతకాలు పెట్టారు, నేను చూసేసరికే రెండో పేజీ సగం నిండింది. పురావస్తు పరిశీలన పేరుతో మా ఇళ్ల పని ఆగిపోయింది, కొత్త చట్టం కింద ఆ స్థలానికి మినహాయింపు ఇప్పించండి అని మన ఎంపీపీని అడుగుతున్న కాగితం అది. (ఊళ్లో ఉండి చదివేవాళ్ల కోసం చెప్తున్నా, ఇక్కడ ఎంపీపీ అంటే మండలాధ్యక్షుడు కాదు, ఒంటారియో ఎమ్మెల్యే.) నా ముందున్న అన్నయ్య పెన్ను నా చేతికిస్తూ "నాలుగు రాళ్లు దొరికాయంట, వాటికోసం ఇన్ని ఇళ్లు ఆపేశారు" అన్నారు. నేను పెన్ను టేబుల్ మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయాను. అప్పుడే చెప్పాల్సింది. పిల్లల డాన్సులు మొదలయ్యాయి, మైకు హోరులో ఏం చెప్పినా వినపడదు, పైగా ఆయన మొహంలో కోపం కంటే దిగులే ఎక్కువ కనిపించి నాకు నోరు రాలేదు.

ఆ రాళ్లు ఏరేవాళ్లలో నేనొకదాన్ని. ఐదు సీజన్లుగా ఒంటారియోలో ఆర్కియాలజీ ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆ వినతిపత్రంలో ఉన్న స్థలంలో నేను ఎప్పుడూ పని చేయలేదు, దాని లోపలి సంగతులు నాకు తెలియవు. కానీ బ్రాంప్టన్, మిల్టన్, వాన్ చుట్టుపక్కల మీరు రేపు ఇల్లు కట్టుకోబోయే పొలాల్లాంటివి నేను అడుగు అడుగూ నడిచాను, అందుకే రాస్తున్నాను.

ముందు మేమెవరమో చెప్తాను, ఎందుకంటే చాలామంది మమ్మల్ని ప్రభుత్వ అధికారులనో, యూనివర్సిటీ నుంచి వచ్చి పనికి అడ్డం పడే ప్రొఫెసర్లనో అనుకుంటున్నారు. మేం ప్రైవేటు కన్సల్టింగ్ కంపెనీల్లో గంటల లెక్కన జీతం తీసుకునే పనివాళ్లం. ఒంటారియో హెరిటేజ్ యాక్ట్ కింద లైసెన్సున్న ఆర్కియాలజిస్టు ఒకరు ప్రాజెక్టుకు బాధ్యత తీసుకుంటారు. ఆయన్ని లేదా ఆవిణ్ణి పెట్టుకునేది, డబ్బిచ్చేది బిల్డరే. వాగులూ చెరువులూ ఉన్నచోట, పాత జాడలు ఇదివరకే దొరికినచోట, వాటికి 300 మీటర్ల లోపున్న నేలలో ఏదైనా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, అలాంటిచోట పరిశీలన జరగందే మున్సిపాలిటీ అనుమతులు ముందుకు కదలవు. మొదటి స్టేజీలో పాత మ్యాపులు, రికార్డులు చూస్తారు. రెండో స్టేజీలో మేం పొలంలోకి దిగుతాం. అక్కడ ఏదైనా దొరికితేనే మూడోది, అది నిజంగా ముఖ్యమైన చోటు అని తేలితేనే నాలుగోది. రెండో స్టేజీలోనే ఏమీ లేదని తేలిపోయి, రిపోర్టు రాసి, బిల్డర్ పని బిల్డర్‌కు వదిలేసిన పొలాలు నేను నడిచినవాటిలోనే ఎన్నో ఉన్నాయి. వాటి గురించి మీకు ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ రాదు.

రెండో స్టేజీ అంటే ఏంటో ఒకసారి ఊహించుకోండి. పొలం దున్నించి, దాని మీద ఒక మంచి వాన పడేదాకా ఆగుతాం. వాన మట్టిని కడిగితేనే పెచ్చులు, పెంకులు పైకి తేలి కనిపిస్తాయి. తర్వాత ఐదు మీటర్లకొకరం వరసగా నిలబడి, తల దించుకుని, పొలం ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాం, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. నాట్లేసే ఆడవాళ్ల వరసను చూసినట్టే ఉంటుంది దూరం నుంచి. ఏదైనా కనిపిస్తే అక్కడ చిన్న జెండా గుచ్చి, దాని చుట్టూ 20 మీటర్ల మేర మీటరుకొకరం చొప్పున మళ్లీ నడుస్తాం. దున్నడానికి వీలులేని చెట్లలో, గడ్డిలో అయితే ఐదేసి మీటర్లకు ఒక గుంత, అడుగు వెడల్పు, అడుగున మట్టి రంగు మారేదాకా తవ్వి, తవ్విన మట్టంతా 6 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లించి, మళ్లీ ఆ గుంత పూడ్చి, పచ్చగడ్డి పెళ్లను పైన కప్పి పక్క గుంతకు వెళ్తాం. మొదటి సంవత్సరం నా అరచేతులు ఎట్లా ఉండేవంటే, వీడియో కాల్‌లో అమ్మకు చూపించకుండా దాచుకునేదాన్ని.

పొద్దున్నే ఐదున్నరకు ట్రక్కు. టిమ్స్ దగ్గర ఆగి కాఫీ తీసుకుని, ఆరున్నరా ఏడింటికి పొలంలో ఉంటాం. మా క్రూలో వేసవిలో తవ్వి చలికాలమంతా స్కీ రిసార్టులో పనిచేసే అబ్బాయి ఉన్నాడు, మాస్టర్స్ మధ్యలో ఆపేసిన అమ్మాయి ఉంది, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేసి మోకాళ్లు రెండూ అరిగిపోయినా ఇంకో పని ఊహించుకోలేని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనే నాకు అన్నీ నేర్పించాడు. ఒనండాగా చెర్ట్ అంటే బూడిద రంగులో ఉండే చెకుముకి రాయి లాంటిది, ఈ ప్రాంతం వాళ్లు వేల ఏళ్లు ఎక్కువగా దాంతోనే పనిముట్లు చేసుకున్నారు. ఆ రాయి పెచ్చుకూ, నాగలి తగిలి విరిగిన మామూలు రాయికీ తేడా చూడగానే చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పగలగొట్టిన పెచ్చుకు దెబ్బ తగిలినచోట చిన్న ఉబ్బు ఉంటుంది, బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. దాన్ని నాలుగేళ్ల క్రితం నా అరచేతిలో పెట్టి, నా వేలు పట్టుకుని దాని మీద రాయించాడు ఆయన, అచ్చం మనకు ఇసుకలో అక్షరాలు దిద్దించినట్టు.

ఈ పనిలో ఉన్నవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకునే పద్ధతి నేను వేరే ఏ ఉద్యోగంలోనూ చూడలేదు. సాయంత్రం ట్రక్కెక్కేముందు ఒకరి మెడ వెనక, మోకాళ్ల వెనక ఇంకొకరు పిడుదుల కోసం వెతుకుతాం. ఇక్కడి పిడుదు కుడితే లైమ్ జబ్బు రావచ్చు, ఆలస్యంగా చూసుకుంటే కీళ్లు, నరాలు కూడా దెబ్బతింటాయి. పాయిజన్ ఐవీ ఎక్కడుందో ముందు నడిచేవాళ్లు అరిచి చెప్తారు, మన దురదగొండి దానిముందు చిన్నపిల్ల. దూరం ప్రాజెక్టులకు వెళ్తే మోటల్ గదిలో ఇద్దరిద్దరం, రైస్ కుక్కర్ నాది, కూర ఎవరిది వీలైతే వాళ్లది. నవంబర్ వచ్చి నేల గడ్డకట్టగానే సగం మందికి లేఆఫ్, ఈఐ (ఉద్యోగం లేనప్పుడు వచ్చే ప్రభుత్వ బీమా) మీద చలికాలం గడిచిపోతుంది, ఏప్రిల్‌లో మళ్లీ ఫోన్ వస్తుందో రాదో అనే టెన్షన్. మిగిలిన కొద్దిమంది ల్యాబులో కూర్చుని, పాత టూత్‌బ్రష్‌లతో పెంకులు కడిగి, ఆరబెట్టి, ఒక్కోదానికి నంబరు రాస్తారు. కెనడా మొత్తానికీ ఒకటే నంబర్ల పద్ధతి, 1952లో బోర్డెన్ అనే ఆర్కియాలజిస్టు పెట్టింది, నాలుగు అక్షరాలు ఒక అంకె చూస్తే ఆ పెంకు దేశంలో ఏ మూలదో తెలిసిపోతుంది. పొలంలో ఆడపిల్లలకు బాత్రూమ్ ఉండదు, చెట్టు కూడా ఉండదు. ఆ విషయంలో మా కంపెనీలతో మాకు పేచీలున్నాయి, వాటి గురించి వాళ్లకు వేరే ఉత్తరం రాస్తాను. ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, మీ ఇల్లు ఆలస్యమైతే మాకేదో లాభమని టేబుల్ దగ్గర ఒకరిద్దరు అన్నారు. పొలంలో ఉన్నన్ని రోజులూ పని త్వరగా అయిపోవాలనే మా మీద ఒత్తిడి, మెల్లగా చేయమని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

మా క్రూతో పాటు తరచుగా ఇంకో ఇద్దరు ఉంటారు, ఫీల్డ్ లియజాన్ ప్రతినిధులంటారు. మిసిసాగాస్ ఆఫ్ ద క్రెడిట్ నుంచి ఒకరు, సిక్స్ నేషన్స్ నుంచి ఒకరు (రెండూ ఇక్కడి మూలవాసుల సమాజాలు, ఫస్ట్ నేషన్స్ అంటారు), స్థలాన్ని బట్టి వేరేవాళ్లు కూడా. వాళ్ల పూర్వీకుల నేల కాబట్టి వాళ్ల తరపున అక్కడ నిలబడతారు, మాతోపాటే నడుస్తారు, మాతోపాటే జల్లిస్తారు. నేను రెండు సీజన్లు పనిచేసిన ఒక పెద్దావిడ పొద్దున పని మొదలుపెట్టేముందు చిటికెడు పొగాకు నేల మీద ఉంచి ఒక నిమిషం నిలబడేవారు. మొదటిరోజు చూసినప్పుడు నాకు వెంటనే మన భూమిపూజ గుర్తొచ్చింది, ఆవిడకు చెప్తే చాలాసేపు దాని గురించే అడిగారు, పసుపు ఎందుకు, కొబ్బరికాయ ఎందుకు అని. బ్రాంప్టన్ ఉన్న నేల 1818లో అజెటెన్స్ ఒప్పందం కింద, 6,48,000 ఎకరాల ముక్కలో భాగంగా, మిసిసాగాల చేతిలోంచి వెళ్లిపోయింది. క్రెడిట్ నది ఒడ్డున వాళ్లకు మిగిలిన ఊరు కూడా 1847లో ఖాళీ అయింది, హేగర్స్‌విల్ దగ్గరికి వెళ్లిపోయారు. ఆవిడ ఈ సంగతి అన్నం తింటూ, మామూలుగా, మా ఊళ్లో వాళ్లు సాగర్‌లో మునిగిన పొలాల గురించి చెప్పినట్టే చెప్పారు.

ఇక ఆ నాలుగు రాళ్ల సంగతి. మిల్టన్‌లో ఉండేవాళ్లు పిల్లల్ని క్రాఫర్డ్ లేక్‌కు తీసుకెళ్తుంటారు కదా, అక్కడ మళ్లీ కట్టిన లాంగ్‌హౌస్‌లు (మూలవాసుల కుటుంబాలు కలిసి ఉండే పొడుగాటి ఇళ్లు) చూసి ఫొటోలు దిగుతుంటారు. ఆ ఊరు ఎలా బయటపడిందో తెలుసా? ఆ చెరువు అడుగున బురద ఏటా ఒక పొర చొప్పున చెదరకుండా పేరుకుంటుంది. 1970లలో ఆ పొరల్లో మొక్కజొన్న పుప్పొడి కనిపించింది. అడవి మధ్య చెరువులోకి మొక్కజొన్న పుప్పొడి ఎక్కడినుంచి వస్తుంది, చుట్టుపక్కల ఎవరో సాగు చేసి ఉండాలి అని వెతికితే ఊరు దొరికింది. కంటికి కనిపించని పుప్పొడి నుంచి ఒక ఊరు.

స్టౌఫ్‌విల్ దగ్గర ఇంకొకటి. 2002లో ఇలాగే ఒక సబ్‌డివిజన్ కోసం పరిశీలన చేస్తుంటే బయటపడింది, 2003 నుంచి 2005 దాకా తవ్వారు. హ్యూరాన్-వెండాట్ అనే మూలవాసుల పెద్ద ఊరు, తొంభైకి పైగా లాంగ్‌హౌస్‌లు, చుట్టూ గుంజల ప్రాకారం. ఐరోపా వాళ్లు ఈ ప్రాంతంలో అడుగుపెట్టకముందే సముద్రతీరం నుంచి చేతులు మారుతూ వచ్చిన ఇనప గొడ్డలి ముక్క కూడా ఆ ఊళ్లో దొరికింది. మొదట ఆ ఊరు 1500ల మొదట్లోది అనుకున్నారు, దాచిపెట్టిన మొక్కజొన్న లాంటివాటి మీద తర్వాత చేసిన రేడియోకార్బన్ లెక్కలు దాన్ని 1600 దరిదాపులకు తెచ్చాయి. ఇప్పుడు ఆ ఊరికి జాన్-బాప్టిస్ట్ లెనే అనే వెండాట్ సైనికుడి పేరు పెట్టారు. అక్కడ ఇళ్లూ వచ్చాయి, మనుషులు కాపురాలూ చేస్తున్నారు. ఆ తవ్వకం వల్ల ఇళ్లు రాకుండా పోలేదు.

నేను పనిచేసిన ఒక నాలుగో స్టేజీ గురించి చెప్తే మీకు ఇంకా బాగా తెలుస్తుంది. పైమట్టి యంత్రంతో మెల్లగా తీసేశాక, పదిమందిమి వరసగా పారలతో నేలను వేలి మందం చొప్పున నున్నగా చెక్కుకుంటూ వెనక్కి జరుగుతాం. ఎండ ఎక్కువైతే మట్టి ఆరిపోయి రంగులు మాయమవుతాయి, నీళ్లు చిలకరించి మళ్లీ చూస్తాం. అప్పుడు పసుపుపచ్చటి మట్టిలో నల్లగా, గాజుల సైజులో గుండ్రటి మచ్చలు ఒక్కొక్కటే కనిపిస్తాయి. ఇంటి గుంజలు కుళ్లిపోయి నేలలో మిగిలిన గుర్తులు అవి. ఒక్కో మచ్చకు ఒక జెండా గుచ్చుతూ పోతే మధ్యాహ్నానికి ఒక గోడ, రెండోరోజుకి రెండో గోడ, మధ్యలో ఎర్రగా కాలిన మట్టి, పొయ్యి వెలిగించిన చోట్లు. ఒక్కో పొయ్యికి అటొక కుటుంబం ఇటొక కుటుంబం ఉండేవాళ్లు. అది నేల మీద ఉన్న మరక మాత్రమే అన్నయ్యా, తీసి సంచిలో వేసుకునే వస్తువు కాదు. బుల్‌డోజర్ ఒక్కసారి దాని మీద నుంచి వెళ్తే ఆ ఇల్లు ఉండేదని ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మీ పునాది ఆర్నెల్లు ఆలస్యంగా అయినా పడుతుంది, ఆ మరకను మళ్లీ ఎవరూ వేయలేరు.

మాది మాచర్ల. ఏడో తరగతిలో స్కూలు వాళ్లు లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్లారు. సాగర్ నీళ్లొచ్చే ముందు, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో ఆ లోయంతా తవ్వి, ఇక్ష్వాకుల విజయపురిని రాసిపెట్టి, ఎత్తగలిగినవి ఎత్తి కొండ మీదా అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. డ్యామ్ ఆగలేదు. నీళ్లూ వచ్చాయి, మా మాగాణీ ఆ నీళ్లతోనే పండింది. ఆ ఆరేళ్లు ఎందుకు దండగ, ముంచేయండి అని అప్పుడు ఎవరైనా సంతకాలు సేకరించి ఉంటే మనకు ఇక్ష్వాకుల గురించి ఈరోజు ఎంత తెలిసి ఉండేది? మన లోయ కోసం మనం అడుగుతాం కదా, ఇంకొకరి నేల మీద ఇల్లు కట్టుకుంటూ వాళ్ల కోసం ఎందుకు అడగం? ఇది నన్ను చాలా రోజులుగా నిద్రపోనివ్వని ప్రశ్న, అందుకే గట్టిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి.

వినతిపత్రంలో రాసిన కొత్త చట్టం బిల్ 5. అది 2025 జూన్ 5న చట్టమైంది. రవాణా, గృహనిర్మాణం, ఆరోగ్యం లాంటి ప్రభుత్వ ప్రాధాన్యాలకు పనికొస్తుందనుకుంటే ఒక స్థలానికి పురావస్తు పరిశీలన అక్కర్లేదని మంత్రివర్గం మినహాయింపు ఇవ్వొచ్చు అని అందులో ఉంది. ఫస్ట్ నేషన్స్ వాళ్లు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు, మా రంగంలో వాళ్లమూ ఉత్తరాలు రాశాం. ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది, మీకు నేరుగా పనికొచ్చేది. మినహాయింపు వచ్చినా, తవ్వకంలో మనిషి ఎముకలు బయటపడితే పని ఆపాల్సిందే, పోలీసులకో, కరోనర్‌కో (మరణాలను విచారించే అధికారి) చెప్పాల్సిందే. ఆ చట్టం వేరే, అది అలాగే ఉంది. వాన్, స్టౌఫ్‌విల్ వైపు వెండాట్‌ల ఉమ్మడి సమాధులు ఉన్నాయి. అలాంటి చాలాచోట్ల నుంచి దశాబ్దాల క్రితం తీసి యూనివర్సిటీలో పెట్టిన 1,700 మందికి పైగా పూర్వీకుల్ని 2013లో వాన్‌లోని ఒక సమాధి నేలలో మళ్లీ పూడ్చారు. ముందే మేం నడిచి చూస్తే అలాంటి చోటు ఎక్కడుందో తెలుస్తుంది, దాన్ని పార్కుగా వదిలేసి లేఅవుట్ మార్చుకోవచ్చు. ఎవరూ చూడకుండా జేసీబీ పళ్లకు పుర్రె తగిలాక ఆగితే అప్పుడు ఎన్నాళ్లు ఆగుతుందో, మీ ఇల్లు ఏ వీధిలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

మీ కష్టం నాకు తెలియనిది కాదు. అద్దె ఒకవైపు, బ్యాంకు ఇచ్చిన రేటు గడువు దాటిపోవడం ఇంకోవైపు, ఊళ్లో పొలం అమ్మి పంపిన డబ్బు డిపాజిట్‌లో ఇరుక్కుని, నాన్నగారికి నెలనెలా ఫోన్‌లో ఏదో ఒకటి చెప్పాల్సి రావడం. మా అన్నయ్యే రెండు క్లోజింగ్ డేట్లు దాటించుకుని మూడోదానికి ఇంట్లో దిగాడు. అందుకే చెప్తున్నాను, కోపం సరైనచోట పెట్టండి. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో (పేరు రాయను) బిల్డర్ ఎన్నో ఏళ్ల ముందు కొన్న పొలానికి, అమ్మకాలు మొదలయ్యాక, అక్టోబరులో ఆర్కియాలజీ వాళ్లను పిలిచాడు. దున్నించి, వాన పడి, నడిచి, జెండాలు గుచ్చేసరికి మంచు పడింది. గడ్డకట్టిన నేల మీద, మంచు కింద ఈ పని చేయకూడదు, చేయలేం కూడా. మే దాకా ఆగింది. సేల్స్ ఆఫీసులో కొన్నవాళ్లకు మాత్రం "ఆర్కియాలజీ వల్ల ఆలస్యం" అని చెప్పారు. ఆ అక్టోబరు నెలకు ముందు వసంతాలు ఎన్ని గడిచాయో ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఆ వినతిపత్రం ఇంకా పంపలేదని, కమిటీలో ఒక అన్నయ్య దగ్గరే ఉందని విన్నాను. దాన్ని పంపకండి. దాని బదులు బిల్డర్‌కు ఒక ఉత్తరం రాద్దాం, సంతకాలు అవే, నా సంతకం కూడా ఉంటుంది. మా స్థలానికి పరిశీలన ఏ స్టేజీలో ఉంది, ఆర్కియాలజిస్టుల్ని మీరు ఏ తేదీన పెట్టుకున్నారు, ఆ పొలం మీరు కొన్నది ఎప్పుడు, రిపోర్టు మినిస్ట్రీకి పంపారా లేదా. ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. మినిస్ట్రీ ఆమోదించిన రిపోర్టులు పబ్లిక్ రిజిస్టర్‌లో ఉంటాయి, అడిగి తెప్పించుకుని చదవొచ్చు, నేను చదివి పెడతాను. క్లోజింగ్ ఆలస్యమైతే పరిహారం గురించి టారియన్ (ఒంటారియోలో కొత్త ఇళ్ల వారంటీ చూసే సంస్థ) నిబంధనలు మీ అగ్రిమెంట్ వెనకాలే జతచేసి ఉంటాయి, ఏ కారణాలు తప్పించుకోలేనివిగా లెక్కలోకి వస్తాయో కూడా అక్కడే రాసి ఉంటుంది, మీ లాయర్ చేత ఆ పేజీలు చదివించండి. ఇళ్లు కొనబోయేవాళ్లు సేల్స్ ఆఫీసులో కిచెన్ కౌంటర్‌టాప్ గురించి అడిగే ముందు స్టేజీ ఎంతవరకు వచ్చిందో అడగండి. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే బిల్డర్లు మమ్మల్ని అక్టోబరులో కాకుండా ఏప్రిల్‌లో పిలుస్తారు.

కమిటీవారికి ఇంకో విన్నపం. వచ్చే కార్యక్రమంలో నాకు అరగంట ఇవ్వండి, స్టేజీ మీద అక్కర్లేదు, అదే గుమ్మం పక్కన అదే టేబుల్ చాలు. దొరికిన అసలు వస్తువులు తేవడానికి నాకు హక్కు లేదు, అవి లైసెన్సున్నవాళ్ల కస్టడీలో ఉంటాయి. జల్లెడ తెస్తాను, పార తెస్తాను, మా పెద్దాయన పిల్లలకు నేర్పడానికి సొంతంగా కొట్టి పెట్టుకున్న చెర్ట్ పెచ్చులు ఒక డబ్బాడు ఇస్తానన్నాడు. పిల్లల్ని తీసుకుని రండి, వీలైతే మిసిసాగాల ఆవిణ్ణి కూడా పిలుస్తాను. ఆ రోజు నాకు పెన్ను అందించిన అన్నయ్య తప్పకుండా రావాలి, ఆయనకు చెప్పాల్సింది నాకింకా చాలా ఉంది.

ఉంటాను,
మీ చెల్లెలు
బ్రాంప్టన్ నుంచి